మిడిల్ స్కూల్ పిల్లలకు గణితం పునాది నుంచి నేర్పడం ఎలా?

ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఒక సమీకరణం దగ్గర ఆగిపోయాడు: ఎక్స్/4 + ఎక్స్/6 = 10. సమీకరణాలు సాధించే పద్ధతి మళ్ళీ చెప్పాను. రాలేదు. ఇంకోసారి చెప్పాను. మూడోసారి రంగు సుద్దముక్కలతో బోర్డు నింపేశాను. వాడు బుద్ధిగా తల ఊపుతున్నాడు, లెక్క మాత్రం కదలడం లేదు. చివరికి విసుగొచ్చి, "1/4, 1/6లో ఏది పెద్దది?" అని అడిగాను. "1/6 సార్. నాలుగు కంటే ఆరు పెద్దది కదా" అన్నాడు.

అంటే మూడుసార్లూ నేను వాడికి అక్కర్లేని పాఠమే చెప్పాను. ఆగింది సమీకరణం దగ్గర కాదు, మూడేళ్ళ కిందటి భిన్నాల దగ్గర.

పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పిల్లలకు గణితం తీరే మారిపోతుంది. అప్పటిదాకా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన అంకెలు పోయి భిన్నాలు, రుణ సంఖ్యలు, అక్షరాలు వస్తాయి. పాత నియమాలు కొన్ని ఇక్కడ చెల్లవు: గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది, అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దది. పిల్లలు వాటినే పట్టుకుని ముందుకు వెళ్తారు. కాబట్టి వాళ్ళ తప్పుల్లో చాలావాటికి అశ్రద్ధ కారణం కాదు. ఆ తప్పు వెనక వాళ్ళదైన ఒక నియమం ఉంటుంది. ముందు దాన్ని వెతికి పట్టుకోవాలి. కింద చెప్పే మెట్లన్నీ ఆ పని కోసమే.

మొదటి మెట్టు: ఎక్కడ ఆగారో కనుక్కోండి

కొత్త పాఠం మొదలుపెట్టే ముందు ఒక పీరియడ్ దీనికి ఇచ్చేయండి. మార్కులు లేవని, టైమ్ లిమిట్ కూడా లేదని ముందే చెప్పండి. లేదంటే పక్కవాడి కాగితంలోని జవాబులే మీ చేతికొస్తాయి. ఈ పది ప్రశ్నలు చాలు:

1. 4003లో మొత్తం ఎన్ని పదులు ఉన్నాయి?
2. 503 − 287 ఎంత?
3. 7 × 8 ఎంత? గుర్తు లేకపోతే ఎలా కనుక్కుంటావు?
4. 8 + 4 = □ + 5. గడిలో ఏం రాయాలి?
5. ఏది పెద్దది: 0.45, 0.6? అలాగే 0.3, 0.48?
6. సంఖ్యారేఖ మీద 0, 1 మధ్య 3/4 ఎక్కడ ఉంటుంది? 1/6 ఎక్కడ?
7. లెక్క చేయకుండా చెప్పు: 12/13 + 7/8 దేనికి దగ్గర? 1, 2, 19, 21.
8. 6 ÷ 1/2 ఎంత?
9. 15 × 0.2 చేస్తే 15 కంటే ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా?
10. −7, −2లో ఏది పెద్దది? −3 − (−5) ఎంత?

కాగితాలు తీసుకున్నాక దిద్దేసి పక్కన పెట్టకండి. ఒక్కొక్కరినీ పిలిచి రెండు మూడు నిమిషాలు "ఇది ఎలా చేశావో చెప్పు" అని అడగండి. జవాబు సరిగ్గా ఉన్నప్పుడూ అడగాలి. తప్పు చేసినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు గబగబా జవాబు చెరిపేస్తారు.

503 − 287కి 384 అని రాసిన అమ్మాయి ఉందనుకోండి. ఆమె ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది: 5లోంచి 2, 8లోంచి 0, 7లోంచి 3. తీసివేత ఆమెకు వచ్చు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఒక వందను పది పదులుగా విడగొట్టడం అని ఎవరూ చూపించలేదు, అంతే. మొదటి ప్రశ్నకు 400 అనకుండా 0 అన్నదీ ఈ అమ్మాయే అయివుంటుంది.

ఐదో ప్రశ్నలో రెండు జతలు ఎందుకంటే, 0.45 పెద్దదన్నవాళ్ళు చుక్క తర్వాతి భాగాన్ని నలభై ఐదుగా చదువుతున్నారు. వీళ్ళు సులువుగా దొరికిపోతారు. దీనికి తలకిందులుగా, "చుక్క తర్వాత అంకెలు తక్కువుంటే పెద్దది" అనుకునేవాళ్ళూ ఉంటారు. పదోవంతు నూరోవంతు కంటే పెద్దదని విని అలా అర్థం చేసుకుంటారు. వాళ్ళు మొదటి జతలో 0.6 అని సరైన జవాబే రాసి తప్పించుకుంటారు, రెండో జతలో 0.3 అని దొరుకుతారు. ఒక్క ప్రశ్నతో పరీక్ష పెట్టి "వచ్చేసింది" అనుకుంటే ఇలాంటివాళ్ళు చేతిలోంచి జారిపోతారు.

ఏడో ప్రశ్నకు కొంచెం చరిత్ర ఉంది. 1978లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ళ పిల్లలను ఇదే అడిగారు. 2 అని సరిగ్గా చెప్పింది 24 శాతం మందే. 19 అన్నవాళ్ళూ, 21 అన్నవాళ్ళూ విడివిడిగా అంతకంటే ఎక్కువ. పైవాటిని కూడితే 19, కిందివాటిని కూడితే 21. రెండు భిన్నాలూ దాదాపు ఒకటేనన్న సంగతి వాళ్ళకు తట్టలేదు.

పిల్లలను మార్కుల వరసలో పెట్టకండి, కారణాల ప్రకారం గుంపులు చేయండి. స్థానవిలువ దగ్గర ఆగినవాళ్ళు ఒక గుంపు, భిన్నాల దగ్గర ఆగినవాళ్ళు ఇంకో గుంపు. పదికి ఐదు వచ్చిన ఇద్దరికి కావలసిన పాఠాలు పూర్తిగా వేరుగా ఉండొచ్చు.

రెండో మెట్టు: ఎక్కాలు

ఈ వయసులో ఎక్కాలు మళ్ళీ మొదటి నుంచి వల్లె వేయించబోతే పిల్లలు సిగ్గుపడతారు. మీరు అనుకున్నంత పని కూడా లేదు. 10 × 10 పట్టికలో 100 గడులున్నాయి. 3 × 7 ఎంతో 7 × 3 కూడా అంతే కాబట్టి అవి 55 అవుతాయి. 1, 2, 5, 10 ఎక్కాలు ఎలాగూ వచ్చి ఉంటాయి, అవి తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కాన్ని పదో ఎక్కం లోంచి ఒకసారి తగ్గించి చేయొచ్చు (9 × 7 అంటే 70 − 7). అదీ తీసేస్తే మిగిలేవి 15. "నువ్వు నేర్చుకోవాల్సింది పదిహేనే" అని పట్టికలో కొట్టివేతలతో చూపిస్తే పిల్లల ముఖాలు మారతాయి.

ఆ పదిహేనూ విడగొట్టి చేయడం నేర్పండి. 7 × 8 రాకపోతే 5 × 8, 2 × 8 కలపాలి: 40 + 16 = 56. లేదా 7 × 4ను రెట్టింపు చేయాలి. గళ్ళ కాగితం మీద 7 వరసల, 8 నిలువుల దీర్ఘచతురస్రం గీసి అడ్డంగా ఒక గీత కొడితే ఇదంతా కళ్ళకు కనబడుతుంది. ఈ బొమ్మను తేలిగ్గా తీసుకోకండి. రేపు 23 × 14ను 200 + 80 + 30 + 12గా విడగొట్టేది ఇదే, ఎల్లుండి బీజగణితంలో బ్రాకెట్లు విప్పేదీ ఇదే. స్టాప్‌వాచ్ మాత్రం బయటికి తీయకండి. టైమ్ టెన్షన్‌లో పిల్లలు ఆలోచించడం మాని ఊహించడం మొదలుపెడతారు.

మూడో మెట్టు: భిన్నాలు. ఇక్కడే ఎక్కువ కాలం ఉండాలి

నన్నడిగితే మిడిల్ స్కూల్ గణితంలో సగం భిన్నాలే. శాతాలు, నిష్పత్తులు, దశాంశాలు, సమీకరణాలు అన్నీ వీటి మీదే నిలబడతాయి. మూడు నాలుగు వారాలు ఇక్కడ పోయినా నష్టం లేదు.

ముందు పలకడం మార్చండి. మనం 3/5ని "త్రీ బై ఫైవ్" అంటాం, లేదా "మూడు బై ఐదు" అంటాం. ఆ మాటలో వినబడేవి రెండు విడి సంఖ్యలు, మధ్యలో ఒక గీత. అందుకే పిల్లలు పైవాటిని, కిందివాటిని విడివిడిగా కూడేస్తారు. దాన్నే "ఐదో వంతులు మూడు" అని చెప్పించి చూడండి. ఐదో వంతులు మూడు, ఐదో వంతు ఒకటి, కలిపితే? ఐదో వంతులు నాలుగు. పదో వంతులు అని ఏ పిల్లా అనదు. తెలుగులో ఉన్న ఈ వెసులుబాటును మనం క్లాసులో వాడుకోకుండా వదిలేస్తున్నాం. లవం, హారం అనే మాటలు రెండో వారంలో చెప్పినా సరిపోతుంది.

తర్వాత కాగితపు పట్టీలు. 24 సెంటీమీటర్ల పొడవున కత్తిరించండి. 24 ఎందుకంటే దాన్ని 2, 3, 4, 6, 8, 12 భాగాలుగా చేస్తే ప్రతి భాగమూ పూర్తి సెంటీమీటర్లలో వస్తుంది. ప్రతి పిల్లా ఆరు పట్టీలు చేసుకుని స్కేలుతో గీతలు గీసుకోవాలి. నాలుగో వంతు 6 సెంటీమీటర్లు, ఆరో వంతు 4. పట్టీని ఎక్కువ ముక్కలు చేసేకొద్దీ ఒక్కో ముక్క చిన్నదవుతుందని వాళ్ళ చేతులకే తెలుస్తుంది. గుండ్రటి బొమ్మల కంటే పట్టీలు నయమని నా అభిప్రాయం. గుండ్రాన్ని ఐదు సమభాగాలు చేయడం పెద్దలకే కుదరదు, పైగా అది సంఖ్యారేఖగా మారదు. పట్టీని నేల మీద పరిస్తే అదే సంఖ్యారేఖ. ఇంకో పట్టీ పక్కన పెడితే 5/4 ఒకటిని దాటి ఎక్కడికి వెళ్తుందో కనిపిస్తుంది. "భిన్నమంటే ఒకటి కంటే చిన్నది" అనే అపోహ అక్కడితో పోతుంది.

పోల్చడంలో రోజుకో జత ఇవ్వండి, కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) వాడకూడదని షరతు పెట్టండి. 3/8, 4/7: ఒకటి సగానికి తక్కువ, ఇంకోటి ఎక్కువ. 7/8, 8/9: రెండింటికీ పూర్తి కావడానికి ఒక్క ముక్కే తక్కువ, ఎవరి లోటు చిన్నది? ఇలాంటివి పది చేసిన పిల్లవాడు ఏడో ప్రశ్నకు ఇక 19 అనడు.

హారాలు వేరైనప్పుడు కూడిక ఎలా? నాలుగో వంతు పట్టీ, ఆరో వంతు పట్టీ పక్కపక్కన పెట్టి, "ఈ మొత్తాన్ని ఏ వంతుల్లో చెప్పగలం?" అని అడిగి ఊరుకోండి. నాలుగో వంతుల్లో కుదరదు, ఆరో వంతుల్లో కుదరదు. పన్నెండో వంతుల పట్టీ తెచ్చి పక్కన పెడితే 3, 2, మొత్తం 5 అని సరిపోతుంది. కసాగు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది: రెండింటినీ కొలవగల ఒకే ముక్క కోసం.

భాగహారంలో "తిరగేసి గుణించు" అన్న మంత్రాన్ని వీలైనంత వెనక్కి నెట్టండి. 6 ÷ 1/2 అంటే ఆరింటిలో అరలు ఎన్ని? పన్నెండు. 3/4 ÷ 1/8 అంటే ముప్పావు పట్టీలో ఎనిమిదో వంతులు ఎన్ని? పెట్టి చూస్తే ఆరు. ఇప్పుడు 3/4 ÷ 3/8: ఈసారి ఒక్కో ముక్కా ఇందాకటికి మూడు రెట్లు, కాబట్టి పట్టేవి మూడో వంతే, అంటే రెండు. ఎనిమిదితో గుణించాం, మూడుతో భాగించాం. ఎవరో ఒకరు "అంటే 8/3తో గుణించినట్టే కదా!" అంటారు. ఆ మాట మీ నోట రాకుండా రెండు రోజులు ఓపిక పట్టడమే కష్టం. నేను చాలాసార్లు ఓడిపోయాను.

నాలుగో మెట్టు: దశాంశాలు

భిన్నాలు కుదిరితే ఇవి వారం పని. ఇక్కడా చదవడమే ముఖ్యం: 0.45ను "పాయింట్ నలభై ఐదు" అనకుండా "పదో వంతులు నాలుగు, నూరో వంతులు ఐదు" అనిపించండి. "పదితో గుణిస్తే చివర సున్నా చేర్చు" అన్న చిట్కాను అసలు చెప్పకండి. 2.5 × 10 = 2.50 అన్న తప్పు దాని నుంచే పుడుతుంది. అంకెలన్నీ ఒక స్థానం ఎడమకు జరుగుతాయి అని చెబితే పూర్ణ సంఖ్యలకూ దశాంశాలకూ ఒకే మాట సరిపోతుంది.

ఐదో మెట్టు: రుణ సంఖ్యలు

క్రీ.శ. 628లో భారతీయ గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు ధనానికి, రుణానికి, సున్నాకు కూడిక, తీసివేత, గుణకార నియమాలు రాశాడు. ధనం అంటే ఉన్నది, రుణం అంటే అప్పు. పాఠ్యపుస్తకాల్లో ఆ మాటలే ఇప్పటికీ వాడుతున్నాం కానీ వాటి అర్థాన్ని పిల్లలకు గుర్తు చేయం. "మైనస్ మూడు" అనేముందు ఒక వారం "మూడు అప్పు" అనిపించండి. ఏడు అప్పున్నవాడి కంటే రెండు అప్పున్నవాడి పరిస్థితి మెరుగు, కాబట్టి −2 పెద్దది. మూడు అప్పున్నవాడికి ఐదు అప్పు మాఫీ అయితే? రెండు మిగులు. −3 − (−5) = 2.

పిల్లలందరికీ అప్పు కథ నచ్చదు. అలాంటివాళ్ళకు రెండు రంగుల బిళ్ళలు ఇవ్వండి: నలుపు రుణం, తెలుపు ధనం, ఒక్కోటి కలిస్తే సున్నా. మూడు నల్లబిళ్ళల్లోంచి ఐదు నల్లబిళ్ళలు తీయాలంటే చాలవు. రెండు సున్నా జతలు తెచ్చి పెట్టి, ఐదు నల్లవి తీసేస్తే రెండు తెల్లవి మిగులుతాయి.

రుణాన్ని రుణంతో గుణిస్తే ధనమెందుకని అప్పు కథతో చెప్పబోతే మెలికలు పడుతుంది. వరుస రాయించడం మేలు: 3 × (−2) = −6, 2 × (−2) = −4, 1 × (−2) = −2, 0 × (−2) = 0. ప్రతిసారీ రెండు పెరుగుతోంది. తర్వాతిది (−1) × (−2). ఎంత ఉండాలి? పిల్లలే 2 అంటారు.

"రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అన్న నినాదాన్ని గోడ మీద రాయకండి. రాసిన వారానికే −3 − 5 = 8 అని నోట్సుల్లో కనబడుతుంది.

ఆరో మెట్టు: సమాన గుర్తు, తర్వాతే అక్షరం

8 + 4 = □ + 5 అన్నచోట చాలామంది 12 రాస్తారు, కొందరు 17 రాస్తారు. వాళ్ళ దృష్టిలో "=" అంటే "జవాబు ఇక్కడ రాయి" అని. ఐదేళ్ళపాటు మనం వాళ్ళకిచ్చిన లెక్కలన్నీ అలాగే ఉన్నాయి మరి. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే గణితజ్ఞుడు ఈ గుర్తును మొదట అచ్చులో వాడినప్పుడు రెండు సమాంతర గీతలను ఎంచుకున్నాడు, వాటికన్నా సమానమైనవి మరి రెండు ఉండవని. ఈ కథ చెప్పి, 12 = 7 + 5 అని తిప్పి రాయించండి. 6 + 9 = 10 + 5 నిజమా, అబద్ధమా అని అడగండి. 37 + 48 = 38 + □ను కూడకుండా చేయమనండి. రెండు వారాలపాటు రోజుకు ఐదు నిమిషాలు చాలు.

ఆ తర్వాతే ఎక్స్. "గుర్తు మార్చి అవతలికి పంపు" అని నేనూ ఏళ్ళపాటు చెప్పాను. పిల్లలు లెక్కలు చేశారు కూడా, గుణకారం వచ్చేదాకా. 3ఎక్స్ = 12లో మూడును "గుర్తు మార్చి" అవతలికి పంపి ఎక్స్ = 12 − 3 అని రాసిన నోట్సులు చూశాక ఆ మాట మానేశాను. ఇప్పుడు "రెండు వైపులా ఒకే పని చెయ్యి, ఏం చేశావో పక్కన రాయి" అంటాను. పేజీ ఎక్కువ పడుతుంది, తప్పులు తగ్గుతాయి.

అక్షరం వస్తువుకు పొట్టిపేరు కాదు, సంఖ్యకు. ఏ అంటే ఏనుగు, బి అంటే బంతి అని చెబితే 3ఏ + 2బి = 5ఏబి అని రాయడంలో వింతేముంది? "ఎర్ర పూసలు నీలం పూసలకు నాలుగు రెట్లు" అన్న వాక్యాన్ని సమీకరణంగా రాయమంటే 4ఎర్ర = నీలం అని చాలామంది తిరగేసి రాసేస్తారు. దిద్దకండి. "నీలం ఐదైతే ఎర్ర ఎన్ని? నీ సమీకరణంలో వేసి చూడు" అనండి చాలు.

మొదట చెప్పిన ఎక్స్/4 + ఎక్స్/6 = 10 దగ్గరికి ఆ పిల్లవాణ్ణి మళ్ళీ తెచ్చింది పట్టీలు కొలిచిన వారం తర్వాత. నాలుగో వంతు, ఆరో వంతు కలిపితే 10 సెంటీమీటర్లు రావడం వాడు అప్పటికే కొలిచి ఉన్నాడు. "పట్టీ పొడవే కదా సార్, 24" అన్నాడు. పన్నెండో వంతులు ఐదు కలిసి 10 అయితే ఒక్కోటీ 2, పన్నెండూ కలిసి 24 అని రాయడానికి తర్వాత పది నిమిషాలు పట్టింది.

ఏడో మెట్టు: పద సమస్యలు

1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్నపిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? చాలామంది 36 అని జవాబిచ్చారు. నవ్వుకోవడానికేం లేదు. ప్రశ్నలో ఉన్న సంఖ్యలను ఏదో ఒకటి చేస్తే జవాబు వస్తుందని మనమే అలవాటు చేశాం.

"మొత్తం అంటే కూడు, మిగిలింది అంటే తీసెయ్యి" అనే మాటల పట్టిక ఆ అలవాటును ఇంకా పెంచుతుంది. "అన్న దగ్గర 24 పూసలున్నాయి. ఇవి చెల్లి దగ్గరున్నవాటి కంటే 6 ఎక్కువ. చెల్లి దగ్గర ఎన్ని?" పట్టిక నమ్ముకున్నవాడు "ఎక్కువ" చూసి 30 అంటాడు. జవాబు 18.

దీనికి నాకు బాగా పనికొచ్చిన ఉపాయం సంఖ్యలు దాచేయడం. "అన్న దగ్గర కొన్ని పూసలున్నాయి, ఇవి చెల్లి దగ్గరున్నవాటి కంటే కొన్ని ఎక్కువ" అని బోర్డు మీద రాసి, ఎవరి దగ్గర ఎక్కువున్నాయో రెండు కడ్డీ బొమ్మలు గీయమనండి. బొమ్మ కుదిరాకే సంఖ్యలు ఇవ్వండి. కలపడానికి సంఖ్యలు లేకపోతే చదవడం తప్ప వేరే దారి ఉండదు. జవాబు రాశాక దాన్ని కథలో పెట్టి మళ్ళీ చదివించడం ఆఖరి పని. పిల్లలు దీన్ని ఎప్పుడూ ఎగ్గొడతారు, కాబట్టి సగం మార్కులు దానికే పెట్టండి.

ఎనిమిదో మెట్టు: రోజూ ఎలా నడపాలి

నలభై నిమిషాల పీరియడ్‌లో మొదటి ఏడెనిమిది నిమిషాలు పాత లెక్కలకు: నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. మరిచిపోబోయే సమయానికి మళ్ళీ గుర్తుచేసుకోవడమే దానికి మందు. తర్వాత పావుగంట కొత్త విషయం, ముందు చేతితో, తర్వాత బొమ్మతో, చివర గుర్తులతో. మిగిలిన సమయం పిల్లలది. ఆ సమయంలో మీ చేతిలో సుద్దముక్క ఉండకూడదు.

హోంవర్క్‌లో ఒకే రకం ముప్పై లెక్కలు ఇవ్వకండి. నాలుగో లెక్క నుంచి పిల్లలు ఆలోచించడం ఆపేస్తారు. ఆరు ఇవ్వండి, అన్నీ కలిపి ఇవ్వండి. ఏ పద్ధతి వాడాలో తేల్చుకోవడమూ లెక్కలో భాగమే.

వారానికొకసారి ఒక తప్పు జవాబును, పేరు లేకుండా, బోర్డు మీద పెట్టి "ఇది చేసినవాళ్ళు ఏమనుకుని ఉంటారు?" అని అడగండి. మొదట్లో ఎవరూ నోరు విప్పరు. ముందుగా మీరు చేసిన తప్పు ఒకటి పెట్టండి, నిజంగా చేసినదే.

ఆరు వారాలయ్యాక మొదటి పది ప్రశ్నలూ సంఖ్యలు మార్చి మళ్ళీ ఇవ్వండి, మళ్ళీ పిలిచి మాట్లాడండి. ఈసారి జవాబు తప్పినా "పన్నెండో వంతులు అనుకున్నాను, కానీ లెక్కపెట్టడంలో పొరబడ్డాను" అనే పిల్లను తర్వాతి మెట్టుకు పంపొచ్చు. జవాబు సరిగ్గా రాసి, "ఎలా చేశావు?" అంటే "అలాగే చేయాలి కదా" అన్నవాణ్ణి ఇంకో వారం పట్టీల దగ్గరే ఉంచండి.